గ్యారంటీయా? వారంటీయా?

"ఒరేయ్, వాడు నీకిచ్చింది గ్యారంటీయా, వారంటీయా? ముందది కనుక్కో!"

కార్లో స్టీరియో మూడోసారి చచ్చిపోయిందని ఫోన్లో చెప్తే మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆయనకి తెనాలిలో ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు అమ్మే చిన్న కొట్టుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ కొట్లో నా డ్యూటీ ఏంటంటే వారంటీ కార్డుల మీద షాపు ముద్ర గుద్ది తేదీ వెయ్యడం. ఆయన సిద్ధాంతం ప్రకారం (మన ఊళ్ళల్లో ఏ కొట్టాయన్ని అడిగినా ఇదే చెప్తాడు) గ్యారంటీ అంటే వస్తువు పాడైతే కొత్తదిస్తారు, వారంటీ అంటే ఉన్నదాన్నే బాగుచేసిస్తారు.

నేనేమో ఇంజనీరింగ్ చదివి, ఇక్కడికొచ్చి ఎమ్మెస్ కూడా వెలగబెట్టి, న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటూ ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయా. సరే చూద్దాం అని మొదలుపెడితే ఆ వెతుకులాట నన్ను నాలుగొందల ఏళ్ళు వెనక్కి లాక్కెళ్ళింది.

ముందు నా గోడు క్లుప్తంగా. బండి 2021 ఆగస్టులో కొత్తది కొన్నా. కంపెనీ పేరు అనవసరం. వారంటీ మూడేళ్ళు లేదా 36,000 మైళ్ళు, ఏది ముందైతే అది. 17,000 మైళ్ళప్పుడు, 2022 నవంబర్లో, స్టీరియో తెర నల్లబడటం మొదలైంది. దానంతటదే రీబూట్ అవుతుంది, మళ్ళీ నల్లబడుతుంది. డీలర్ దగ్గరికి తీసుకెళ్తే పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంచుకుని, "మా దగ్గర బాగానే పనిచేస్తోంది" అని ఇచ్చేశారు. మనం టెస్టర్లకి చెప్పే "నా మెషీన్లో పనిచేస్తోందే" అన్న డైలాగే! చేసిన పాపం ఊరికే పోదు :-) రెండోసారి 2023 ఏప్రిల్లో వెళ్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు. 2024 జనవరిలో మూడోసారి వెళ్తే ఫ్యాక్టరీ రీసెట్ చేశారు. నాలుగోసారి 2024 సెప్టెంబర్లో వెళ్ళేసరికి ఓడోమీటర్ 36,400 దాటింది. సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్లోకి చూసి, చాలా మర్యాదగా, వారంటీ అయిపోయిందనీ, హెడ్ యూనిట్ మార్చాలంటే 1,850 డాలర్లవుతుందనీ చెప్పాడు.

పాటలు లేకపోతే లేకపోయె, ఫోన్లో వినొచ్చు. కానీ రివర్స్ కెమెరా కూడా అదే తెర మీద కనబడుతుంది. మేముండే టౌన్‌హౌసుల మధ్య సందులో సాయంత్రమైతే చాలు, పిల్లలు మూడు చక్రాల సైకిళ్ళేసుకుని తిరుగుతుంటారు. తెర నల్లగా ఉన్న రోజు మా ఆవిడ బండి వెనక్కి తియ్యనని ఖరాఖండిగా చెప్పేసింది. నేను దిగి, వెనకాల నిలబడి, ఊళ్ళో లారీ క్లీనర్ లాగా "రా... రా... రానియ్" అనాల్సొచ్చేది.

ఇక చరిత్ర. అసలు ఈ రెండు మాటలూ పుట్టుకతో ఒకటే. పాత జర్మానిక్ మాట ఒకటి ఫ్రెంచిలోకి వెళ్ళి, నార్మండీ వైపు "వ" తోనూ, పారిస్ వైపు "గ" తోనూ పలకబడింది. ఇంగ్లీషు వాళ్ళు రెండు వైపుల నుంచీ తెచ్చుకుని రెండూ ఉంచేసుకున్నారు. వార్డ్, గార్డ్ కూడా ఇలాంటి జంటే. అక్కడి విలియం ఇక్కడి గియోమ్ అయినట్టు. అంటే నాన్న చెప్పే తేడా మాటల్లో లేదు. మరి చట్టంలో ఉందా?

1603లో లండన్‌లో ఒక కేసు నడిచింది. చాండ్లర్ అనే కంసాలి, లోపస్ అనే అతనికి ఒక రాయి అమ్మాడు, బెజోర్ అని చెప్పి. మేక జాతి జంతువుల కడుపులో దొరికే రాయి అది, మన గోరోచనానికి దాయాది లాంటిదనుకోండి. విషానికి విరుగుడని అప్పట్లో పిచ్చి నమ్మకం. ధర నూరు పౌన్లు, ఆ రోజుల్లో పెద్ద సొమ్ము. తీరా చూస్తే అది బెజోర్ కాదు. కోర్టు ఏమందీ? "ఇది బెజోరే అన్నాడు గానీ, బెజోర్ అని వారంటీ ఇస్తున్నానని అనలేదు కదా? పో" అంది! కొనేవాడే కళ్ళు తెరుచుకుని కొనుక్కోవాలి, అంతే. వారంటీ అన్న మాట నోటితో పలికితే తప్ప అమ్మినవాడికి ఏ బాధ్యతా లేదు.

తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో కోర్టులు మెల్లగా మెత్తబడ్డాయి. అమ్మేవాడు చెప్పినా చెప్పకపోయినా, వస్తువు దాని మామూలు పనికి పనికొచ్చేదిగా ఉండాలని ఒక చెప్పని వాగ్దానం ఉంటుందనుకుందాం అన్నారు. దీన్నే ఇంప్లైడ్ వారంటీ అంటారు. మన దేశంలో కూడా ఇది 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టంలో, 16వ సెక్షన్లో ఉంది.

అదే 1930లో కార్ రేడియోకి ఊపొచ్చింది, అదీ మా న్యూజెర్సీ నుంచే. పాల్ గాల్విన్ అనే షికాగో వ్యాపారి తన స్టుడీబేకర్ కార్లో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సభకి వచ్చాడు. లోపల స్టాల్ పెట్టుకోడానికి డబ్బుల్లేక బయటే కారు నిలబెట్టి, గట్టిగా పాటలు పెట్టి ఆర్డర్లు పట్టాడు. మోటార్‌కి విక్ట్రోలా తోక తగిలించి దానికి మోటరోలా అని పేరు పెట్టాడు. ధర 110 నుంచి 130 డాలర్లు. అప్పు కోసం ఒక బ్యాంకరు కార్లో రేడియో బిగించి ఇస్తే అరగంటకి ఆ కారు అంటుకుందని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, స్టీరియో పాడైతే బాధ్యత ఎవరిదన్న చర్చకి అంతకన్నా మంచి మొదలు దొరకదు.

అప్పట్లో రేడియో కారు కంపెనీ వాళ్ళది కాదు, బయట కొని బిగించుకునేది. పాడైతే బిగించినవాడి పీక పట్టుకోవచ్చు. ఫ్యాక్టరీలోనే బిగించి ఇవ్వడం పెరిగాక రేడియో చెడితే కారు చెడినట్టే లెక్క. ఈ లెక్క క్రైస్లర్ కంపెనీకి 1956లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది మోడళ్ళలో వాళ్ళు హైవే హై-ఫై అని ఏకంగా గ్రామఫోను పెట్టారు! సీబీఎస్ ల్యాబ్స్‌లో పీటర్ గోల్డ్‌మార్క్ తయారుచేశాడు. ఎల్‌పీ రికార్డు వెనకున్న పెద్దమనిషీ ఆయనే. ఏడంగుళాల ప్రత్యేకమైన రికార్డు, నిమిషానికి 16⅔ చుట్లు, ఒక్కో వైపు ముప్పావుగంట సంగీతం. డ్యాష్‌బోర్డు కింద బిగించేవాళ్ళు. గుంటల్లో పడ్డా ముల్లు ఎగరకుండా ఉండటానికి బాగానే కష్టపడ్డారు. కానీ బయట రోడ్ల మీదికి వచ్చాక అవి తెగ చెడిపోయాయి. కార్లు రిపేరు చేసే మెకానిక్కులకి గ్రామఫోను రిపేరు చెయ్యడం ఏం తెలుస్తుంది పాపం? వారంటీ క్లెయిములు వచ్చి పడ్డాయి, కంపెనీకి ఉత్సాహం చచ్చిపోయింది, కొన్నేళ్ళకే కథ ముగిసింది. ఫ్యాక్టరీ స్టీరియో, చెయ్యి తిరగని సర్వీస్ డిపార్ట్‌మెంటు, వారంటీ తలనొప్పి... నా గోడులో ఉన్నవన్నీ అప్పుడే ఉన్నాయి.

ఆ రోజుల్లో కారు వారంటీ ఎంతో తెలుసా? 90 రోజులు లేదా 4,000 మైళ్ళు! అదీ ఒక్క కంపెనీ పద్ధతి కాదు. కార్ల కంపెనీలన్నీ కూడబలుక్కుని తమ సంఘం ద్వారా ఒకే కాగితం అచ్చేసుకున్నాయి. ఎవరి దగ్గర కొన్నా అదే. ఈ కాగితం మెడలు వంచింది క్రైస్లర్ వాళ్ళదే ఒక ప్లిమత్ కారు. ఈ కేసు చదువుతూ ఒక రాత్రంతా కూర్చున్నా. బ్లూమ్‌ఫీల్డ్ మా ఎడిసన్ నుంచి ముప్పావుగంట కూడా ఉండదు మరి.

1955 మే 7న క్లాజ్ హెన్నింగ్‌సెన్ అనే ఆయన బ్లూమ్‌ఫీల్డ్ మోటార్స్‌లో, మదర్స్ డే కానుకగా, భార్య హెలెన్ కోసం కొత్త ప్లిమత్ కొన్నాడు. మే 19న ఆవిడ ఆస్బరీ పార్క్ నుంచి ఇంటికి వస్తున్నారు, మహా అయితే 20, 22 మైళ్ళ వేగంలో. కింద ఏదో విరిగినట్టు పెద్ద చప్పుడు. స్టీరింగ్ చేతుల్లో గిర్రున తిరిగిపోయింది. కారు వెళ్ళి రోడ్డు పక్కన బోర్డునీ, ఇటుక గోడనీ గుద్దుకుంది. ఆవిడకి దెబ్బలు తగిలాయి, కారు ముందు భాగం నుజ్జునుజ్జయింది, ఎందుకు విరిగిందో తేల్చడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఓడోమీటర్ మీద ఎంతుందో తెలుసా? 468 మైళ్ళు.

కంపెనీ వాదన వింటే ఒళ్ళు మండుతుంది. కొన్న కాగితం వెనకాల ఎనిమిదిన్నర అంగుళాల పొడవున చీమ తలకాయంత అక్షరాలున్నాయి. అందులో వారంటీ అంటే చెడిపోయిన భాగాన్ని మార్చడం మాత్రమే అని రాసుంది. అదీ ఆ భాగాన్ని మీ ఖర్చుతో ఫ్యాక్టరీకి పంపిస్తే, వాళ్ళు చూసి చెడిందని ఒప్పుకుంటే! ఇంకే వారంటీ, చెప్పినదైనా చెప్పనిదైనా, లేదు. పైగా కొన్నది భర్త, దెబ్బ తగిలింది భార్యకి, ఆవిడతో మాకు ఒప్పందమే లేదు అన్నారు. క్లాజ్ గారు ఆ చిన్న అక్షరాలు చదవలేదని కోర్టులో ఒప్పుకున్నాడు. మనలో ఎవరం చదువుతాం చెప్పండి?

1960 మే 9న న్యూజెర్సీ సుప్రీంకోర్టు, జడ్జి ఫ్రాన్సిస్ రాసిన తీర్పులో, ఆ కాగితాన్ని కొట్టేసింది. 1958లో దేశంలో తయారైన కార్లలో 93.5 శాతం మూడు కంపెనీలవే, అందరిదీ ఒకే వారంటీ, ఇక కొనేవాడు బేరమాడేదెక్కడ, వద్దని ఇంకెక్కడికి పోతాడు అని లెక్క కట్టి మరీ చూపించింది. ఆ చెప్పని వాగ్దానాన్ని ఇలా కాగితం వెనకాల దొంగచాటుగా తుడిచెయ్యడం కుదరదు, భార్యకీ అది వర్తిస్తుంది అంది.

ఇది చదివాక నాకొకటి తట్టింది. చిన్నప్పుడు నేను ముద్రలు గుద్దిన వారంటీ కార్డు కంపెనీ మనకిచ్చే వరమని అనుకునేవాణ్ణి. కానీ ఆ కాగితం పుట్టిందే, చట్టం ఊరికే ఇచ్చేదాన్ని కత్తిరించడానికి! "ఇది చేస్తాం" అన్న ఒక్క వాక్యం కోసం కాదు, "అంతకు మించి ఏమీ చెయ్యం" అన్న మిగతా పేరా కోసం.

మన వృత్తిలోనూ దీని ఆనవాలుంది. ఓపెన్ సోర్స్ లైసెన్సుల చివర్లో "యాజ్ ఈజ్" అంటూ, మర్చంటబిలిటీ, ఫిట్‌నెస్ అంటూ అన్నీ పెద్దక్షరాల్లో అరిచినట్టు ఉండే పేరా ఒకటుంటుంది కదా. కొన్ని వందల ఫైళ్ళలో అది కాపీ పేస్ట్ చేసుంటా, ఎందుకు అరుస్తున్నారో ఎప్పుడూ ఆలోచించలేదు. అమెరికా వాణిజ్య కోడ్‌లో 2-316 అనే సెక్షన్ ప్రకారం, చెప్పని వాగ్దానాన్ని వదిలించుకోవాలంటే మర్చంటబిలిటీ అన్న మాట వాడాలి, రాతలో అయితే అది కొట్టొచ్చినట్టు కనబడాలి. అందుకే ఆ పెద్దక్షరాలు. హెలెన్ గారి కాగితం చీమ తలకాయలకీ, మన లైసెన్సుల అరుపులకీ చుట్టరికం ఉందన్నమాట. (కార్లో స్టీరియోనేమో బాగుచెయ్యమని కొట్లాడతాం, మనం రాసే కోడ్‌కి మాత్రం పూచీ లేదని పెద్దక్షరాల్లో రాసుకుంటాం. బావుంది కదూ.)

కోర్టు అలా అన్నాక కంపెనీలు రూటు మార్చి వారంటీనే ప్రచారానికి వాడుకున్నాయి. అప్పటికే ఫోర్డ్ 1961 మోడళ్ళకి పన్నెండు నెలలు, 12,000 మైళ్ళు అంది. క్రైస్లర్ 1963 మోడళ్ళ ఇంజనుకీ, గేర్ బాక్సుకీ ఐదేళ్ళు, 50,000 మైళ్ళు అని గంట కొట్టింది. అంకెలు పెరిగాయి గానీ షెడ్డుల్లో పని పెరగలేదు. వారంటీ పని చేస్తే కంపెనీ ఇచ్చే డబ్బులు గిట్టుబాటు కావని డీలర్లు, డీలర్లు తిప్పుకుంటున్నారని జనాలు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని మీద పెద్ద విచారణే చేసింది. చివరికి 1975 జనవరి 4న మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. సంతకం పెట్టిన ప్రెసిడెంటు పేరు ఫోర్డ్ :-)

మా నాన్న ఇక్కడ ఎంట్రీ ఇస్తారు. కంపెనీ వారంటీ ఇచ్చి తీరాలని ఈ చట్టం అనదు. కానీ కాగితం మీద ఇస్తే మాత్రం దాని నెత్తిన "ఫుల్" అనో "లిమిటెడ్" అనో స్పష్టంగా రాయాలి. ఫుల్ అంటే కొన్నిసార్లు బాగుచెయ్యడానికి ప్రయత్నించి కుదరకపోతే కొత్తదన్నా ఇవ్వాలి, డబ్బన్నా వాపసివ్వాలి, ఏది కావాలో కొన్నవాడి ఇష్టం. లిమిటెడ్ అంటే అంతకన్నా తక్కువ ఏదైనా. అంటే తెనాలిలో మా నాన్న కొట్లో చెప్పే గ్యారంటీ, వారంటీ తేడానే అమెరికా కాంగ్రెస్ వేరే పేర్లతో చట్టం చేసింది! కొత్త కార్ల వారంటీ పుస్తకాలు తిరగేస్తే దాదాపు అన్నిటి మీదా లిమిటెడే. నాదీ అదే. అయితే ఈ చట్టం ఇంకో రెండు మంచి పనులు చేసింది. కాగితం మీద వారంటీ ఇచ్చినవాడు ఆ చెప్పని వాగ్దానాన్ని పూర్తిగా రద్దు చెయ్యడానికి వీల్లేదంది. కేసు గెలిస్తే కొన్నవాడి లాయరు ఫీజు కూడా కంపెనీయే కట్టేలా చేసింది. మామూలు జీతగాళ్ళకి లాయర్లు దొరకడం అందువల్లే.

లిమిటెడ్ అని రాసి తప్పించుకున్నవాళ్ళ కోసం రాష్ట్రాలు లెమన్ చట్టాలు తెచ్చాయి. పేరున్నది 1982 నాటి కనెక్టికట్ చట్టం, అక్కడి ప్రతినిధి జాన్ వుడ్‌కాక్ పట్టుబట్టి తెచ్చింది. అదే లోపానికి నాలుగుసార్లు రిపేరో, మొత్తం 30 రోజులు షెడ్డులోనో అయితే కారు మార్చాల్సిందే. తర్వాత దాదాపు అన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. మా న్యూజెర్సీలో మూడుసార్లు లేదా 20 రోజులే చాలు. కానీ మొదటి రెండేళ్ళలో, 24,000 మైళ్ళ లోపల. నావి ఆ గీత లోపల రెండే. మూడోది బయట పడింది. హతోస్మి! పైగా ఆ లోపం కారు వాడకాన్నో, విలువనో, భద్రతనో బాగా దెబ్బతియ్యాలి. పాటలు రాలేదంటే నవ్వుతారు.

నవ్వే రోజులు పోయాయని మాత్రం రెండు సంగతులు చెప్తాయి. ఒకటి, ఫోర్డ్ వాళ్ళ మైఫోర్డ్ టచ్. 2010లో వచ్చింది, మైక్రోసాఫ్ట్ ప్లాట్‌ఫాం మీద. తెరలు బిగుసుకుపోవడం, రీబూట్లు, అచ్చం నా కథే. 2011 జేడీ పవర్ నాణ్యత జాబితాలో ఫోర్డ్ ఐదో స్థానం నుంచి ఇరవైమూడుకి జారింది. మరుసటేడు సాఫ్ట్‌వేర్‌ని యూఎస్‌బీ కర్రల్లో ఇళ్ళకి పోస్టులో పంపించారు. 2013లో కాలిఫోర్నియాలో వేసిన దావా 2019లో 17 మిలియన్ డాలర్లతో రాజీ అయింది. ఈలోపు ఫోర్డ్ మైక్రోసాఫ్ట్‌ని వదిలేసి క్యూఎన్‌ఎక్స్‌కి మారిపోయింది కూడా.

రెండోది మనసు కలచివేసేది. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలో కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ళ పిల్లాడు, సొంత ఇంటి ముందు, తండ్రి బండి రివర్స్ చేస్తుంటే దాని కింద పడి చనిపోయాడు. 2008లో ఆ పిల్లాడి పేరు మీదే చట్టం చేశారు. దాని ఫలితంగా 2018 మే నుంచి అమెరికాలో అమ్మకానికి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి. ఆ కెమెరా బొమ్మ వచ్చేది ఎక్కడ? నా బండిలో అయితే స్టీరియో తెర మీద. కాబట్టి 2018 తర్వాత స్టీరియో చెడటం అంటే పాటలు ఆగడం ఒక్కటే కాదు.

మన దేశం సంగతి అడుగుతారని తెలుసు. 1986 వినియోగదారుల చట్టంతో జిల్లా ఫోరాలు వచ్చాయి, 2019 చట్టం తయారీదారు బాధ్యత మీద ఒక అధ్యాయమే పెట్టింది. కానీ ఇన్నిసార్లు చెడితే కారు మార్చాలి అని లెక్క చెప్పే లెమన్ చట్టం లేదు. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, కంపెనీ ఒప్పుకున్నది చెడిన భాగాన్ని మార్చడం వరకే, కారు మొత్తం మార్చమనడం కుదరదంది. అంటే కాగితం మీద ఏం రాసుంటే అది. తెనాలి భాషలో వారంటీయే.

ఇవన్నీ చదివాక నా ఫైలు తీశా. ప్రతిసారీ డీలర్ ఇచ్చిన రిపేర్ ఆర్డర్లు పారెయ్యకుండా ఉంచడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని (కార్డుల మీద తేదీలు వేసిన చెయ్యి కదా). "సమస్య కనబడలేదు" అని వాళ్ళు రాసిన కాగితం కూడా నేను 17,000 మైళ్ళకే చెప్పానన్నదానికి సాక్ష్యమే. వాళ్ళ లాగ్ ఫైలే నాకు ఆధారం. డీలర్‌ని వదిలేసి, నేరుగా తయారీ కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో ఒక పేజీ ఉత్తరం రాశా. వారంటీ లోపల మూడుసార్లు చెప్పాను, ఇది అదే లోపం, అప్పుడు బాగుచెయ్యనిది ఇప్పుడు గడువైపోయిందంటే ఎలా, వెనక కెమెరా కనబడట్లేదు, పక్కన పిల్లలున్నారు. చివర్లో మాగ్నసన్-మాస్ పేరు ఒక్కసారి, గొంతు పెంచకుండా. పెద్దక్షరాలు వాడలేదు :-)

తొమ్మిదో రోజు ఫోనొచ్చింది. హెడ్ యూనిట్ మారుస్తాం, పార్టుకీ పనికీ డబ్బులక్కర్లేదు అన్నారు. మార్చారు కూడా. కాగితం ఇస్తే ఈసారి నిలబడే చదివా. కొత్తది కాదు, ఫ్యాక్టరీలో బాగుచేసిన పాతది. దానికి విడిగా వారంటీ పన్నెండు నెలలు, 12,000 మైళ్ళు. ఫోర్డ్ 1961 మోడళ్ళకి ఇచ్చిన అంకెలే. పైన లిమిటెడ్ అని ఉంది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశా.

"కొత్తదిచ్చాడా?"

"కొత్తది కాదు నాన్నా, బాగుచేసిందే. డబ్బులు మాత్రం తీసుకోలేదు."

"అయితే వారంటీయే," అని ఫోన్ అమ్మకిచ్చేశారు.